ప్రెస్‌లో ఇరుక్కున్న ప్రైమర్: బలం ఎందుకు పనికిరాదు

క్లుప్తంగా: కాల్చేసిన తూటా డొల్లను మళ్ళీ నింపే ప్రెస్‌లో అన్నిటికంటే టెన్షన్ పెట్టే సమస్య ప్రైమర్, అంటే తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న పేలుడు గిన్నె, ఇరుక్కోవడం. ఇరుక్కున్నదాన్ని నొక్కి, పొడిచి, తట్టి తీసేయాలని చెయ్యి తొందరపడుతుంది. ప్రైమర్ తయారైందే నొక్కుడుకూ పోటుకూ పేలడానికి. అందుకే ముందు ఆపడం, తర్వాత మిగతా ప్రైమర్లను దూరం చేయడం, ఆ తర్వాతే విప్పడం అనే వరస పెట్టారు. ఈ పని భారత్‌లో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అమెరికాలో కూడా తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు చాలావరకు నిషిద్ధమే.

దీపావళి ముందు బేగంబజార్‌లో కొన్న రీలు తుపాకీతో ఆడని హైదరాబాద్ పిల్లలు తక్కువ. ఎర్ర కాగితం రీలు మీద వరసగా మందు చుక్కలు ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక చుక్క టప్‌మంటుంది. కాసేపటికి రీలు మడతపడి తుపాకీలో ఇరుక్కుంటుంది. ఇక పిల్లలకు ఓపిక ఉండదు. తుపాకీ పక్కన పడేసి, రీలు చుట్టను చుట్టగానే గడప మీద పెట్టి రాయితో ఒక్క దెబ్బ వేస్తారు. టప్‌కు బదులు ఢామ్ అంటుంది, వేళ్ళు చురుక్కుమంటాయి. తూటాలు నింపే యంత్రంలో ప్రైమర్ జామ్ అంటే ఏమిటో అర్థం కావడానికి ఈ రెండు దృశ్యాలు చాలు: మడతపడ్డ రీలు, రాయి దెబ్బ. తేడా ఏమిటంటే బొమ్మ తుపాకీ మందు కాగితం మీద ఉంటుంది, అసలు ప్రైమర్ మందు లోహపు గిన్నెలో ఉంటుంది. కాగితం చిరుగుతుంది, లోహం ముక్కలై ఎగురుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళలో తుపాకీ గురి సరదా పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో కొందరు ఖర్చు తగ్గుతుందని గ్యారేజీలో రీలోడింగ్ ప్రెస్ బిగించుకుంటారు. కూకట్‌పల్లిలో కూర్చుని వీడియో కాల్‌లో చూసే తల్లిదండ్రులకు అది చేతి జ్యూస్ మిషన్ లాంటిదేదో అనిపిస్తుంది. ఒక లివర్, దాని మీద రెండు మూడు గొట్టాలు, కింద ఇత్తడి డొల్లలు. యూట్యూబ్ వీడియోల్లో కూడా పని సాఫీగా సాగిపోతుంది కాబట్టి ఇందులో ప్రమాదం ఎక్కడుందో బయటివాళ్ళకు తెలియదు. ప్రమాదం సాఫీగా సాగే చోట లేదు, లివర్ ఆగిపోయిన చోట ఉంది.

కందిగింజంత గిన్నె

తూటాలో నాలుగు భాగాలుంటాయి: డొల్ల, అందులో మందు, పైన గుండు, అడుగున ప్రైమర్. కాల్చాక గుండు వెళ్ళిపోతుంది, మందు కాలిపోతుంది, ప్రైమర్ ఖర్చయిపోతుంది. ఇత్తడి డొల్ల మాత్రం మిగులుతుంది. తూటా ఖరీదులో పెద్ద వాటా దానిదే. అందుకే దాన్ని పారేయకుండా పాత ప్రైమర్ ఊడదీసి, డొల్లను మళ్ళీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ కూర్చి, మందు పోసి, గుండు బిగిస్తారు. రీలోడింగ్ అంటే ఇంతే.

ప్రైమర్ రెండు ముఖ్యమైన సైజుల్లో వస్తుంది. చిన్నదాని అడ్డుకొలత సుమారు 4.45 మిల్లీమీటర్లు, పెద్దదానిది 5.33. అంటే ఇంచుమించు కందిగింజంత. లోపల ఉండే పేలుడు మిశ్రమం కొన్ని పదుల మిల్లీగ్రాములే. ఇప్పటి ప్రైమర్లలో ఎక్కువగా వాడేది లెడ్ స్టిఫ్నేట్. దానికి బేరియం నైట్రేట్, ఆంటిమొనీ సల్ఫైడ్, టెట్రజీన్ లాంటివి తోడవుతాయి. ఈ మిశ్రమం మీద చిన్న లోహపు బిళ్ళ కూర్చుని ఉంటుంది. కమ్మరి కొలిమి దగ్గర ఉండే దాగలి చేసే పనే దానిది. తుపాకీ సూది వెనక నుంచి గిన్నెను పొడిస్తే గిన్నె అడుగు లోపలికి నొక్కుకుపోతుంది. మిశ్రమం గిన్నెకూ దాగలికీ మధ్య నలిగి పేలుతుంది. ఆ మంట డొల్ల అడుగున ఉన్న రంధ్రం గుండా వెళ్ళి అసలు మందును అంటిస్తుంది.

ఈ దాగలి ప్రైమర్‌లోనే ఉంటే బాక్సర్ రకం, డొల్లలో భాగంగా ఉంటే బెర్డాన్ రకం. బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి, బెర్డాన్ అమెరికన్. విచిత్రంగా అమెరికా అంతా బ్రిటిష్‌వాడి పద్ధతి పట్టుకుంది, యూరప్, ఆసియా సైన్యాలు చాలాకాలం అమెరికన్ పద్ధతిలో నడిచాయి. బాక్సర్ డొల్లకు నడిమధ్య ఒకటే రంధ్రం కాబట్టి పై నుంచి సన్నటి పిన్ను దింపి పాత ప్రైమర్‌ను తేలిగ్గా తోసేయవచ్చు. అమెరికాలో ఇంటింటి రీలోడింగ్ పెరగడానికి ఇదొక కారణం.

ప్రైమర్ పేలడానికి నిప్పు అక్కర్లేదు, లోపలి మిశ్రమం నలిగితే చాలు. నలిపేది తుపాకీ సూదా, ప్రెస్ లివరా, స్క్రూడ్రైవర్ మొనా అన్నది దానికి తెలియదు.

లివర్ ఎందుకు ఆగుతుంది

ప్రెస్‌లు స్థూలంగా రెండు తరహాలు. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే పని జరుగుతుంది. ప్రైమర్‌ను చేత్తో ఒక్కొక్కటే పెడతారు. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో డొల్లలు గుండ్రటి పళ్ళెంలో తిరుగుతుంటాయి. లివర్ లాగిన ప్రతిసారీ ఒక డొల్లకు పాత ప్రైమర్ ఊడుతుంది, మరోదానికి కొత్తది దిగుతుంది, ఇంకోదానిలో మందు పడుతుంది. ఇలా గంటకు కొన్ని వందల తూటాలు తయారవుతాయి. ఆ వేగం రావాలంటే ప్రైమర్లు వాటంతట అవే రావాలి. అందుకే చాలా యంత్రాల్లో వంద ప్రైమర్లను ఒక నిలువు గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చి పెడతారు. అడుగున ఒక జారుడు పట్టీ ఒక్కొక్కటే అందుకుని డొల్ల కిందికి తీసుకెళ్తుంది.

జామ్‌లలో చాలా భాగం ఈ జారుడు పట్టీ దగ్గరా, డొల్ల అడుగున ప్రైమర్ కూర్చునే గుంట దగ్గరా పుడతాయి. పాత ప్రైమర్ మసి, ఒలికిన మందు రేణువులు పట్టీ దారిలో చేరితే అది పూర్తిగా ముందుకు వెళ్ళదు. అప్పుడు ప్రైమర్ సగం లోపల, సగం బయట ఉండిపోతుంది. గొట్టం చివరి ప్లాస్టిక్ మూతి అరిగితే ప్రైమర్ పక్కకు ఒరిగి, లేదా తలకిందులై దిగుతుంది. ఊడదీసిన పాత ప్రైమర్ పూర్తిగా రాలకుండా పిన్నుకు అంటుకుని మళ్ళీ గుంటలోకి వస్తే కొత్తదానికి చోటుండదు.

ఇంకో రకం జామ్‌లో యంత్రం తప్పు ఏమీ ఉండదు, లోపం డొల్లలోనే ఉంటుంది. సైనిక తూటాల్లో ప్రైమర్ కదలకుండా గుంట అంచును లోపలికి నొక్కి బిగిస్తారు. ఆ బిగింపును తొలవకుండా కొత్త ప్రైమర్ పెట్టబోతే అంచు దగ్గరే ఆగి నలుగుతుంది. .45 ఏసీపీ అనే పిస్టల్ తూటా సంగతి మరీ చికాకు. మామూలుగా దానికి పెద్ద ప్రైమర్ వాడతారు. కొన్ని కంపెనీలు చిన్న ప్రైమర్ గుంటతో కూడా డొల్లలు చేస్తున్నాయి. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. గురి సాధన చేసే రేంజ్‌లో ఏరుకొచ్చిన వంద డొల్లల్లో ఒకటి అలాంటిది కలిస్తే, లివర్ ఆ ఒక్కదాని దగ్గర టక్కున ఆగుతుంది.

మామూలుగా ప్రైమర్ కూర్చున్నప్పుడు చేతికి తెలిసే తీరు వేరు. కొద్దిగా ఎదురు, తర్వాత మెత్తగా దిగి ఆగిన భావన. జామ్ అయినప్పుడు ఆ మెత్తదనం ఉండదు. లివర్ రావాల్సినంత రాకముందే గట్టిగా నిలబడిపోతుంది. రెండు వందల తూటాలు ఒకే లయలో లాగిన చెయ్యి, రెండు వందల ఒకటోదాని దగ్గర ఆ తేడాను గమనించేలోపే ఇంకాస్త ఒత్తేస్తుంది. పైగా లివర్ అన్నదే చేతి బలాన్ని కొన్ని రెట్లు పెంచడానికి పెట్టింది. మనిషి కొంచెమే నొక్కాననుకుంటాడు, అడుగున ప్రైమర్ మీద పడే ఒత్తిడి మాత్రం కొంచెం ఉండదు.

బాలానగర్ ప్రెస్‌తో పోలిస్తే

బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో పవర్ ప్రెస్ నడిపేవాళ్ళకు జామ్ కొత్త కాదు. రేకు డైలో ఇరుక్కుంటే ముందు స్విచ్ ఆపుతారు, చక్రం పూర్తిగా నిలిచేదాకా చూస్తారు, ర్యామ్ కిందికి జారకుండా అడ్డు పెడతారు. అప్పుడే చెయ్యి పెట్టాలన్నది పద్ధతి. పద్ధతి తప్పినవాళ్ళ వేళ్ళ సంగతి ఆ ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. అక్కడ ప్రమాదకరమైన శక్తి యంత్రంలో ఉంటుంది, ఇరుక్కున్న రేకులో ఏమీ ఉండదు. కరెంటు తీసేస్తే ఆ శక్తి పోతుంది. తర్వాత రేకును సుత్తితో కొట్టి తీసినా నష్టం లేదు.

రీలోడింగ్ ప్రెస్‌లో ఇది తలకిందులు. యంత్రానికి కరెంటు లేదు, చేతితో నడిచేది. వదిలేస్తే దానంతట అది కదలదు. శక్తి అంతా ఇరుక్కున్న వస్తువులోనే ఉంది, దానికి స్విచ్ లేదు. వర్క్‌షాపు అలవాటున్నవాళ్ళే ఇక్కడ ఎక్కువ పొరబడే అవకాశం ఉంది. మిషన్ ఆగింది కాబట్టి ఇక భయం లేదనుకుని సుత్తి, పంచ్ అందుకుంటారు. పవర్ ప్రెస్ దగ్గర అది ఆఖరి మెట్టు, ప్రైమర్ దగ్గర అదే పేల్చే దెబ్బ.

ఒకటి పేలితే ఎన్ని పేలుతాయి

ఒక్క ప్రైమర్ పేలితే పెద్ద శబ్దం, కొన్ని లోహపు ముక్కలు. కళ్ళద్దాలు లేకపోతే కంటికి పెద్ద నష్టం, వేళ్ళకు కోతలు. పెద్ద ప్రమాదం పక్కన ఉన్నవి అంటుకుంటే వస్తుంది. గొట్టంలో వంద ప్రైమర్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. అడుగుది పేలి మంట పైకి తగిలితే వరస మొత్తం ఒక్క క్షణంలో పోయే అవకాశం ఉంది. గడప మీద రీలు చుట్ట కథే మళ్ళీ. ప్రైమర్ల నుంచి రాలే సన్నటి మందు దుమ్ము గొట్టం గోడలకు, పళ్ళాలకు అంటుకుని ఉంటే మంటకు అదే దారి చూపిస్తుంది. గొట్టాన్ని అప్పుడప్పుడు శుభ్రం చేయమనేది ఇందుకే.

తయారీదారులకు ఈ సంగతి బాగా తెలుసు. డిల్లాన్ లాంటి కంపెనీల ప్రెస్‌లలో ప్రైమర్ గొట్టం చుట్టూ మందమైన ఉక్కు తొడుగు ఉంటుంది. వరస పేలినా ఆ దెబ్బ పక్కలకు రాకుండా నిలువునా పైకి పోతుంది. అంటే గొట్టం పైన తల వంచి లోపలికి తొంగిచూడటం ఆ తొడుగు ఇచ్చే రక్షణను చేజేతులా వదులుకోవడమే. ఆర్‌సీబీఎస్ కంపెనీ ప్రైమర్లను ప్లాస్టిక్ పట్టీలో విడివిడి గూళ్ళలో పెట్టే పద్ధతి తెచ్చింది. ఒకటి పేలినా పక్కదానికి అంటుకోకూడదన్నది దాని ఆలోచన. షాపులో అమ్మే పెట్టెలో కూడా ప్రైమర్లు గలగలలాడుతూ కలిసి ఉండవు, ట్రేలో దేనికది దూరంగా కూర్చుని ఉంటుంది. వాటిని సీసాలోనో డబ్బాలోనో కుమ్మరించి దాచుకోవద్దని పరిశ్రమ సంస్థలు పదేపదే చెప్పేది ఆ దూరం పోకూడదనే. అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు ఇంట్లో ఉంచుకునే ప్రైమర్లకు 10,000 అని పరిమితి పెట్టాయి.

ఇరుక్కున్నదాన్ని తీసే వరస

లివర్ గట్టిగా ఆగిన చోటే చెయ్యి ఆగాలి. ముందుకు ఒత్తకూడదు, విసురుగా వెనక్కీ లాగకూడదు. కళ్ళద్దాలు అప్పటికే పెట్టుకుని ఉండాలి. లేకపోతే అప్పుడైనా పెట్టుకోవాలి, చెవులకు రక్షణ ఉంటే ఇంకా మంచిది. ఒక్క నిమిషం ఊరికే చూడటంలో నష్టం లేదు. ప్రైమర్ ఎక్కడ ఆగింది, జారుడు పట్టీలోనా, గుంట అంచు మీదా, గొట్టం మూతి దగ్గరా అన్నది తేలితే సగం పని అయినట్టే.

తర్వాత చేయాల్సింది జామ్ జోలికి పోకుండా దాని చుట్టూ ఉన్నవి తీసేయడం. మందు డబ్బాను మూసి, ప్రెస్ మీద నుంచి దించి దూరంగా పెట్టాలి. పొగరాని మందు బయట గాలిలో పేలదు కానీ భగ్గున మండుతుంది. బల్ల మీద ఒలికిన రేణువులు ఊడ్చేయాలి. గొట్టంలో మిగిలిన ప్రైమర్లు తేలిగ్గా బయటికి వచ్చేలా ఉంటే, గొట్టాన్ని మొహానికి దూరంగా పట్టుకుని ట్రేలోకి దించుకోవాలి. పళ్ళెంలో ఉన్న మిగతా డొల్లలను, ముఖ్యంగా మందు పోసి గుండు బిగించనివాటిని, ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాలి. ఇదంతా అయ్యాక ప్రెస్‌లో ఇరుక్కున్నది ఒకటే మిగులుతుంది. అది పేలినా ఒక్కటే పేలుతుంది. జామ్ తీయడంలో అసలు తెలివి ఇక్కడే ఉంది. వంద ప్రమాదాన్ని ఒకటికి తగ్గించుకున్నాకే దాన్ని ముట్టుకోవాలి.

ఇక విప్పడం. జారుడు పట్టీ, దాని స్ప్రింగు, గొట్టం మూతి ఏ వరసలో ఊడతాయో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. మరలు విప్పి భాగాలు వేరుచేస్తే చాలాసార్లు ఒరిగిన ప్రైమర్ దానంతట అదే రాలుతుంది. రాకపోతే చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ ముక్కతోనో పక్క నుంచి మెల్లగా కదపవచ్చు. లోహపు మొనతో పొడవకూడదు. కదపడానికీ పొడవడానికీ తేడా చేతికి తెలుస్తుంది. పుల్ల వంగేంత బలం అవసరమైతే అక్కడితో ఆపాలి.

గొట్టంలోనే ఇరుక్కుంటే కథ వేరు. పై నుంచి కడ్డీ పెట్టి తోయాలనిపిస్తుంది. కడ్డీ కింద ఒక్క ప్రైమర్ ఉందో ముప్పై ఉన్నాయో బయటికి కనిపించదు. కడ్డీ కొనా, దాగలీ ఎదురెదురుగా నిలిస్తే గొట్టం తుపాకీ గొట్టమే అవుతుంది. ఇలాంటప్పుడు గొట్టాన్ని ప్రెస్ నుంచి విడదీసి, జనం తిరగని చోట పెట్టి, కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి వాళ్ళు చెప్పినట్టు చేయడం ఒక్కటే దారి. కొత్త గొట్టం ఖరీదు చూసుకుని పాతదాన్ని కాపాడుకోవాలనుకోవడం దండగ లెక్క.

డొల్లలో సగం దిగి ఆగిన ప్రైమర్ విషయంలోనూ ఇంతే. పిన్నుతో వెనక్కి తోస్తే బతికున్న ప్రైమర్‌ను దాగలి వైపు నుంచి నొక్కినట్టు అవుతుంది. మెల్లగా తోసి తీసేవాళ్ళు ఉన్నారు, చాలాసార్లు ఏమీ కాదు కూడా. కానీ తయారీదారుల్లో చాలామంది వద్దనే అంటారు. ఒక్క డొల్లను పోగొట్టుకుంటే పోయేది కొద్ది సెంట్లు.

పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ మసిలో సీసం ఉంటుంది. చేతులతో పాటు కంచం దాకా, పిల్లల దాకా వెళ్ళేది అదే.

నూనె పోస్తే చచ్చిపోతుందా

ప్రైమర్ మీద రెండు చుక్కల నూనె వేస్తే లేదా నీళ్ళలో ముంచితే అది పనికిరాకుండా పోతుందని చాలామంది నమ్మకం. నిజం సగమే. ఫ్యాక్టరీలో ఈ మిశ్రమాన్ని తడిగానే కలుపుతారు, తడిగానే గిన్నెల్లో నింపుతారు. తడిలో అది పెద్దగా స్పందించదు కాబట్టే మనుషులు దానితో పనిచేయగలుగుతున్నారు. తర్వాత ఆరబెడితే ప్రైమర్ ప్రాణం పోసుకుంటుంది. లెడ్ స్టిఫ్నేట్ నీళ్ళలో దాదాపు కరగదు. అంటే ఇంట్లో తడిపిన ప్రైమర్ ఆరాక మళ్ళీ పేలే స్థితికి రావచ్చు. నూనె కొన్నిటిని పాడుచేస్తుంది, కొన్నిటిని చేయదు. పైగా ప్రైమర్ పైన పూసే లక్క పొర తేమను అడ్డుకోవడానికే ఉంది. తడపడం వల్ల విప్పే పనిలో కొంత భరోసా రావచ్చు. తడిపాం కదా అని గట్టిగా పొడవడం మాత్రం ఆ భరోసాను తప్పుగా వాడుకోవడం. నానబెట్టినవాటిని చెత్తబుట్టలో వేయడమూ అంతే. అక్కడ అవి ఆరతాయి.

హైదరాబాద్‌లో ఇది ఎవరికి సంబంధించిన విషయం

హైదరాబాద్‌లో గురి క్రీడకు మంచి పేరుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణంతో పాటు మూడు రజతాలు తెచ్చింది. అయినా ఈ క్రీడాకారులకు రీలోడింగ్ ప్రెస్‌తో పని పడదు. ఎయిర్ రైఫిల్లో మందే లేదు, గాలి ఒత్తిడితో పెల్లెట్ వెళ్తుంది. 25 మీటర్ల పిస్టల్‌లో వాడే .22 తూటాకు విడి ప్రైమర్ ఉండదు. పేలుడు మిశ్రమాన్ని డొల్ల అడుగు అంచు మడతలోనే నింపుతారు. ఒకసారి సూది దెబ్బకు ఆ అంచు నొక్కుకుపోయాక దాన్ని మామూలు ప్రెస్‌తో మళ్ళీ నింపలేరు. గచ్చిబౌలి రేంజ్‌లో ఏళ్ళ తరబడి సాధన చేసినవాళ్ళకు కూడా ప్రైమర్ జామ్ తెలియకపోవడానికి కారణం ఇది.

చట్టం సంగతికొస్తే, 1959 ఆయుధాల చట్టం తూటాలు తయారుచేయడానికి లైసెన్సు కావాలంటుంది. అందులో ‘అమ్యూనిషన్’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం చాలామంది ఊహించనంత వెడల్పు. తూటా భాగాలే కాదు, తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా అందులోకి వస్తాయి. అంటే ఒక్క తూటా లేకుండా ఖాళీ ప్రెస్ ఇంట్లో ఉన్నా ప్రశ్న తలెత్తుతుంది. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష ఏడేళ్ళకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా ఉంది.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మడానికే కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరువేరు. కానీ ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, అమ్యూనిషన్ గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకు ఈ నిషేధం వర్తించదు. ఆ చట్టం అమ్యూనిషన్‌కు చెప్పిన అర్థంలో డొల్ల, గుండు, మందుతో పాటు ప్రైమర్ కూడా విడిగా ఉంది. ఇక్కడి చట్టం యంత్రాన్ని పట్టుకుంటే, అక్కడి చట్టం కందిగింజంత గిన్నెను పట్టుకుంది. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా లివర్ లాగిన ఎంఎస్ విద్యార్థికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు.

మిగిలింది సామాను సంగతి. రీలోడింగ్ బల్ల దగ్గర వేసుకున్న జీన్స్ జేబులోనో, రేంజ్‌కు పట్టుకెళ్ళిన బ్యాగు అరలోనో ఒకటి రెండు ప్రైమర్లో తూటాలో ఉండిపోవడం అరుదేమీ కాదు. అదే బ్యాగు సంక్రాంతి సెలవులకు శంషాబాద్ చేరుతుంది. విమానాశ్రయాల్లో సామానులో తూటా దొరికి కేసు నమోదైన వార్తలు తరచూ కనిపించేవే. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకున్నప్పుడే అది నేరమవుతుందనే సూత్రాన్ని సుప్రీంకోర్టు 1972 నాటి తీర్పులోనే చెప్పింది. ఆ సూత్రం మీదే చాలా కేసులను హైకోర్టులు కొట్టేశాయి. అయితే కొట్టేయాలంటే ముందు కేసు ఉండాలి. స్కానర్ దగ్గర బ్యాగు పక్కకు తీసిన క్షణం నుంచి ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా తిరుగు ప్రయాణం టికెట్టు, వీసా స్టాంపింగ్ తేదీ, ఉద్యోగంలో చేరాల్సిన రోజు అన్నీ ఆగి ఉంటాయి.